ఇంట్లో కట్టిన పాతకాలపు రేడియో పలకకపోతే: చప్పుడును బట్టి జబ్బు పట్టుకోవడం

చెక్క పెట్టె, ముందు గుడ్డ కప్పిన స్పీకర్, ఇత్తడి నాబ్, గుండ్రటి డయల్ వెనక చిన్న పసుపు బల్బు. చూసినవాళ్లు తాతల నాటి వాల్వ్ సెట్ అనుకుంటారు. లోపల వాల్వులేమీ లేవు. స్టేషన్ పట్టడానికి టీఏ7642 అనే మూడుకాళ్ల ఐసీ, దాన్ని స్పీకర్‌లో వినిపించడానికి ఎల్ఎం386, ముందు ఫెరైట్ రాడ్ (సిగ్నల్ పట్టే నల్లటి కడ్డీ) మీద చుట్టిన కాయిల్, స్టేషన్ మార్చడానికి 365 పీఎఫ్ (పికోఫారడ్) గాలి గ్యాంగ్, అంటే ప్లేట్లు తిరిగే కండెన్సర్. మీడియం వేవ్ మాత్రమే. శ్రీకాకుళంలో కూర్చుని ఇలాంటివి నాలుగు కట్టాను. మొదటిసారే పలికింది ఒక్కటీ లేదు. అందుకే కట్టే పద్ధతి వదిలేసి, పలకనప్పుడు ఏం చెయ్యాలో రాస్తున్నాను. మల్టీమీటర్ ఉంటే చాలు, కానీ దానికంటే ముందు చెవి పెట్టండి. మూగతనం వేరు, గుర్రు వేరు, ఈల వేరు. ఒక్కోదానికి కారణం ఒక్కోచోట ఉంటుంది.

సెట్‌ను తిట్టే ముందు

విశాఖ ఆకాశవాణి మీడియం వేవ్ 927 కిలోహెర్ట్జ్. మన దగ్గర ఇంట్లో కట్టిన సెట్‌కి పరీక్ష స్టేషన్ అదే. ఆకాశవాణి ఈమధ్య చాలా ఊళ్లలో మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు మూసేసింది. కాబట్టి ఆ పూట స్టేషన్ గాలిలో ఉందో లేదో ముందు కొన్న రేడియోలో వినండి. అందులోనూ లేకపోతే మీ సోల్డరింగ్ తప్పు కాదు. రెండో సంగతి, స్లాబు ఇంట్లో నడిగదిలో పరీక్షించకండి. స్లాబులోని ఇనప ఊచలు సిగ్నల్‌ని బాగా తగ్గించేస్తాయి. డాబా మీదకి, కాకపోతే అరుగు మీదకి తెచ్చి చూడండి.

అసలు చప్పుడే లేదు

స్పీకర్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడవండి. స్పీకర్ వైర్లు ఊడదీసి 1.5 వోల్ట్ సెల్లుని ఒక్క క్షణం తాకించండి. టక్ మనాలి. అనకపోతే స్పీకరే పోయింది. టక్ మంటే, ఎల్ఎం386 ఐదో కాలు (అవుట్‌పుట్) మీద వోల్టేజీ చూడండి. 9 వోల్ట్ బ్యాటరీ అయితే అక్కడ అందులో సగం, 4.5 చుట్టుపక్కల ఉండాలి. సున్నాకి దగ్గరగానో 9కి దగ్గరగానో ఉంటే ఐసీ కాలిపోయి ఉండాలి, లేదా ఆరు (ప్లస్), నాలుగు (గ్రౌండ్) కాళ్లు తారుమారు అయ్యుండాలి. ఐసీ మీద గాటు ఉన్న వైపు నుంచి లెక్కపెట్టాలి. నేను ఒకసారి బోర్డు అడుగు నుంచి చూస్తూ లెక్కపెట్టి రెండు ఐసీలు తగలబెట్టాను.

4.5 ఉందంటే, వాల్యూమ్ పూర్తిగా పెంచి, కంట్రోల్ మధ్య కాలిని స్క్రూడ్రైవర్ మొనతో తాకండి, వేలు ఆ లోహానికి తగిలేలా. స్పీకర్లో బుర్‌ర్ మని రావాలి. ఇంట్లో కరెంటు వైర్ల నుంచి మీ ఒంటికి తగులుతున్న హమ్మే అది. వచ్చిందంటే ఇక్కడి నుంచి స్పీకర్ దాకా అంతా క్షేమం.

బుర్‌ర్ వస్తోంది, స్టేషన్ రావట్లేదు

ఇక జబ్బు కాయిల్‌లోనో టీఏ7642లోనో ఉంది. ఐసీ దగ్గర చూడాల్సినవి మూడే. మధ్య కాలు ఇన్‌పుట్. అటూ ఇటూ ఉన్న గ్రౌండ్, అవుట్‌పుట్ కాళ్లు డేటాషీట్ చూసి పెట్టండి, ఇలాంటిదే ఇంకో ఐసీ ఎంకే484 బొమ్మ చూసి టీఏ7642 పెట్టకండి. అవుట్‌పుట్ కాలి మీద వోల్టేజీ ఒకటి చుట్టుపక్కల ఉండాలి. కచ్చితంగా ఈ ఐసీకి ఇస్తున్న సప్లై వోల్టేజీయే చూపిస్తోందంటే ఐసీ కరెంటు తీసుకోవట్లేదని అర్థం. మూడోది, అవుట్‌పుట్ నుంచి కాయిల్ కింది చివరకు (ఐసీ ఇన్‌పుట్‌కి కలవని చివర) వెళ్లే లక్ష ఓమ్‌ల రెసిస్టర్. అది లేకపోతే ఐసీ పనిచెయ్యడానికి ఇన్‌పుట్‌లో కావల్సిన చిన్న వోల్టేజీ (బయాస్) అందదు. అదే చివర నుంచి గ్రౌండ్‌కి 0.01 మైక్రోఫారడ్ కండెన్సర్ ఉండాలి. దాని మీద 103 అని ఉంటుంది. 104 అంటే 0.1. రెండూ పక్కపక్క పొట్లాల్లో ఉంటాయి, రాత్రి పూట కళ్లజోడు లేకుండా తియ్యకండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా పలకని సెట్లలో నాకు ఎక్కువగా దొరికిన దొంగ కాయిల్ తీగ మీద ఎనామిల్, అంటే కరెంటు పారనివ్వని సన్నటి పూత. రాగి తీగలా మెరుస్తుంది కాబట్టి నేరుగా సోల్డర్ పెట్టేస్తాం. సోల్డర్ తీగ చుట్టూ చక్కటి ముద్దలా కూర్చుంటుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, లోపల మాత్రం రాగికి తగలదు. మీటర్ రెండు చివర్లా పెట్టండి. ఒకటి రెండు ఓమ్‌లు చూపించాలి. ముల్లు కదలకపోతే, లేదా డిజిటల్ మీటర్ 1 అని ఎడమ అంచున నిలబడితే, సోల్డర్ కరిగించి తీసేయండి. తీగ చివర ఒక అంగుళం మేర గరుకు కాగితం మడతలో పెట్టి, మెల్లగా తిప్పుతూ లాగండి. ముదురు గోధుమ రంగు పోయి లేత గులాబీ రంగు రాగి కనబడాలి. లిట్జ్ అనే రకం తీగైతే లోపల వెంట్రుకల్లాంటి పోగులుంటాయి. ఒక్క పోగు ఎనామిల్ మిగిలినా ఆ పోగు పనికిరాదు. విడదీసి, పోగు పోగూ గీకి, మళ్లీ మెలేసి, అప్పుడు సోల్డర్. విసుగే. వేరే దారి లేదు.

విశాఖ వస్తోంది, కానీ డయల్ మీద రాసిన చోట కాదు

గ్యాంగ్ ప్లేట్లు పూర్తిగా బయటికొచ్చాక ఆ చివర్న 927 వస్తోందంటే కాయిల్ చుట్లు ఎక్కువయ్యాయి. ప్లేట్లు దాదాపు పూర్తిగా లోపలికి పోయాక వస్తోందంటే తక్కువయ్యాయి. 365 పీఎఫ్ గ్యాంగ్‌తో బ్యాండ్ అడుగు 531 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవ్వాలంటే కాయిల్ ఇండక్టెన్స్ (చుట్లు పెరిగితే పెరిగే గుణం) 245 మైక్రోహెన్రీలు ఉండాలి. అప్పుడు 927కి కావల్సింది 120 పీఎఫ్, అంటే గ్యాంగ్ మొత్తంలో మూడోవంతు. చుట్లు విప్పే ముందు కాయిల్‌ని రాడ్ మీద జరిపి చూడండి. రాడ్ నడుమన ఉంటే ఇండక్టెన్స్ ఎక్కువ, అంచుకి జరిపితే తక్కువ. అందుకే తీగని రాడ్‌కి అతికించకుండా పాత క్యాలెండర్ కాగితం గొట్టంలా చుట్టి దాని మీద చుడతాను. చోటు కుదిరాక మైనం చుక్క.

విశాఖ మీద ఒరియా పాట

చీకటి పడ్డాక వచ్చే ఫిర్యాదు ఇది. కటక్ ఆకాశవాణి 972 కిలోహెర్ట్జ్. పొద్దు వాలాక మీడియం వేవ్ పైకెళ్లి ఆకాశం నుంచి తిరిగొస్తుంది, దూరపు స్టేషన్లు దగ్గరవుతాయి. మామూలుగా దీనికి మందు రాడ్ తిప్పడం. రాడ్ కొస స్టేషన్ వైపు చూస్తే వినబడదు, రాడ్ అడ్డంగా ఉంటే బాగా వినబడుతుంది. శ్రీకాకుళానికి విశాఖ నైరుతిలో ఉంది కాబట్టి రాడ్ వాయవ్యం నుంచి ఆగ్నేయానికి పడుకోవాలి. విజయనగరం వాళ్లకి విశాఖ కొంచెం పడమరకి ఒరిగిన దక్షిణం, కాబట్టి తూర్పు పడమరలుగా పెడితే సరిపోతుంది. వాస్తు మీద నమ్మకం లేని నేను కూడా ఇక్కడ మాత్రం దిక్కులు చూసుకోక తప్పలేదు.

చిక్కేమిటంటే శ్రీకాకుళానికి కటక్ ఈశాన్యం. అంటే విశాఖ, మన ఊరు, కటక్ ఇంచుమించు ఒకే గీత మీద ఉన్నాయి. రాడ్ కటక్‌ని ఆపే కోణంలో పెడితే విశాఖా ఆగిపోతుంది. తిప్పి లాభం లేదు. కాయిల్ తనంతట తాను రెండిటినీ విడదీయాలి. తేడా 45 కిలోహెర్ట్జ్. పక్క స్టేషన్లని వదిలి ఒక్కదాన్నే పట్టే కాయిల్ శక్తిని క్యూ అంటారు. అది వంద ఉంటే కాయిల్ 9 కిలోహెర్ట్జ్ వెడల్పే వింటుంది, కటక్ దూరంగా ఉండిపోతుంది. క్యూ ఇరవైకి పడిపోతే వెడల్పు 46కి పెరుగుతుంది, ఇద్దరూ ఒకే గదిలో పాడతారు.

నా రెండో సెట్‌లో క్యూ ఎందుకు పడిపోయిందో వారం రోజులు తెలియలేదు. చట్రం బలంగా ఉంటుందని పలాస జీడిపప్పు వచ్చే రేకు డబ్బా కత్తిరించి వంచి చేశాను. దాని మీదే రెండు క్లిప్పులతో రాడ్ బిగించాను. తీగ మార్చాను, గ్యాంగ్ కడిగాను, ఐసీ మార్చాను. చివరికి బజార్లో పాత సెట్లు బాగుచేసే పెద్దాయన దగ్గరకి పట్టుకెళ్తే వెనక తలుపు తీసి, మీటర్ కూడా ముట్టకుండా అన్నాడు: "ఏటి బాబూ, కాయిల్ని రేకు మీద తొంగోబెట్టీసినావు? ఆ డబ్బా తీసీ, అప్పుడు సూడు."

రేకు ఇనుము. కాయిల్ చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం రేకులో కరెంటు పుట్టించి అక్కడే వేడై పోతుంది. రాడ్‌ని చెక్క దిమ్మల మీద రెండు అంగుళాలు పైకి లేపాను, రేకు తీసి చెక్క పలక పెట్టాను. రాడ్ పట్టుకునే క్లిప్ కూడా లోహపు రింగైతే తీసేయండి. రాడ్ చుట్టూ మూసుకుపోయిన రింగు షార్ట్ అయిన చుట్టుతో సమానం. స్పీకర్ అయస్కాంతమూ దూరంగా ఉండాలి.

నాబ్ వదిలితే స్టేషన్ పోతోంది

అందం కోసం బుడితి ఇత్తడి నాబ్ వేయించాను. వేలితో పట్టుకుని తిప్పితే విశాఖ ఖంగుమని వస్తుంది. చెయ్యి తీస్తే జారిపోతుంది. ప్లాస్టిక్ నాబ్ పెడితే ఈ గోల లేదు. అయినా ఇత్తడి వదలబుద్ధి కాలేదు, కారణం వెతికాను. గ్యాంగ్ ఇరుసు, కదిలే ప్లేట్లు లోపల ఒకటే లోహం. వాటిని కాయిల్ పై చివరకి, అంటే ఐసీ ఇన్‌పుట్ వైపుకి కలిపాను. నాబ్ ముట్టుకున్నప్పుడల్లా నా ఒళ్లు కూడా కండెన్సర్‌లో భాగమైపోతోంది. రెండు వైర్లూ అటుదిటు మార్చాను. కదిలే ప్లేట్లు 0.01 కండెన్సర్ ఉన్న కింది చివరకి, కదలనివి ఐసీ వైపుకి. పది నిమిషాల పని. మీరు ప్లాస్టిక్ నాబ్ వాడినా ఇలాగే కలపండి.

ఈల, టప్ టప్ టప్

రెండూ వేరు. డయల్ తిప్పుతుంటే స్వరం మారే ఈల టీఏ7642 నుంచి వస్తుంది. దానికి 1.2 నుంచి 1.6 వోల్టులే పడతాయి. ఎక్కువ ఇస్తే శక్తి కాదు, కూతే వస్తుంది. సప్లై దారిలో 1 కె ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పి మార్చే వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్) పెట్టి ఈల ఆగేదాకా తగ్గించండి. స్పీకర్ వైర్లు కాయిల్ పక్కనుంచి పోతున్నా ఇదే కూత, వాటిని మెలేసి పెట్టె రెండో పక్కనుంచి తిప్పండి.

వాల్యూమ్ పెంచినప్పుడు చిన్న మరబోటులా టప్ టప్ మంటే బ్యాటరీ నీరసం. 9 వోల్ట్ చదరపు బ్యాటరీ స్పీకర్ అడిగినంత కరెంటు ఇవ్వలేక వోల్టేజీ పడిపోయి లేస్తుంటుంది. ఆరు పెన్‌ సెల్లులకి మారండి, ఎల్ఎం386 ఆరో కాలికీ గ్రౌండ్‌కీ మధ్య 470 మైక్రోఫారడ్ కండెన్సర్ పెట్టండి, కాలికి ఆనుకునేలా. ఐదో కాలి దగ్గర 10 ఓమ్‌లు, 0.047 మైక్రోఫారడ్ వరుసగా గ్రౌండ్‌కి వెళ్లాలి. బొమ్మలో చూసి చాలామంది అనవసరం అనుకుని వదిలేస్తారు. ఒకటి, ఎనిమిది కాళ్ల మధ్య 10 మైక్రోఫారడ్ పెట్టుంటే తీసి చూడండి. దానితో పెంపు 200, లేకుండా 20. మన విశాఖ సిగ్నల్‌కి చాలాసార్లు 20 చాలు.

ఎప్పుడూ ఉండే గుర్రు

ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు, ఇన్వర్టర్. మెయిన్ ఆపేసి సెల్లు మీద వినండి, గుర్రు పోతే దొంగ ఇంట్లోనే ఉంది. ఒక్కో స్విచ్ వేస్తూ పట్టుకోండి. మా ఇంట్లో దోషి వరండా బల్బు, అదీ పది అడుగుల దూరంలో. అడాప్టర్‌తో నడిపే సెట్‌లో, స్టేషన్ మీదకొచ్చినప్పుడు మాత్రమే హమ్ వస్తే తప్పు అడాప్టర్‌దే, సెల్లులకి మారితే పోతుంది.

చిల్లర రోగాలు

వాల్యూమ్ తిప్పితే గరగర: కంట్రోల్ లోపల ఉప్పుగాలి చేరింది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి పాతికసార్లు తిప్పండి. తగ్గకపోతే దానికి ముందు కప్లింగ్ కండెన్సర్ (బ్యాటరీ వోల్టేజీని ఆపి శబ్దాన్ని మాత్రం పంపేది) ఉందో లేదో చూడండి. గ్యాంగ్ ఒకేచోట కరకరమంటే ప్లేట్లు రాసుకుంటున్నాయి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే ఏ ప్లేటో కనబడుతుంది, గోరుతో కొంచెం ఎడం చెయ్యండి.

గొంతు దుప్పటి కప్పుకున్నట్టు వస్తే స్పీకర్ ముందున్న గుడ్డ చూడండి. పొందూరు ఖద్దరు నేను వేసింది, సన్నంగా ఉంటుందని. కానీ గంజితో బిగిసి ఉన్నదాన్ని అలాగే అతికించాను. నేత సందులన్నీ గంజి పూడ్చేసింది. విప్పి, వేడినీళ్లలో నానబెట్టి, ఆరేసి, మళ్లీ బిగిస్తే మాట స్పష్టంగా వచ్చింది.

మే నెలలో సాయంత్రం ఫట్ ఫట్ మని కొట్టుకుంటూ, ఏ స్విచ్ ఆపినా తగ్గకపోతే విప్పకండి. ఎక్కడో మెరుస్తోంది. సిగ్నల్ కోసం డాబా మీదకి తీగ కట్టుంటే ఆ చప్పుడు వినగానే సెట్ నుంచి ఊడదీసి బయట పడేయండి.