జిల్లా మారితే బ్లాకులు మారాలి: వెబ్ ఫారమ్స్‌లో జంట డ్రాప్‌డౌన్‌లు పెట్టడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ వైపు పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపే నెట్ సెంటర్లో కాసేపు కూర్చోండి. జిల్లా ఎంచుకుంటారు, బ్లాకుల జాబితా రాదు. వచ్చినా, బ్లాకు ఎంచుకుని బటన్ నొక్కగానే మళ్లీ మొదటికొస్తుంది. తప్పు నింపేవాళ్లది కాదు, ఫారం రాసినవాళ్లది. వెబ్ పేజీలు తయారు చేసే మైక్రోసాఫ్ట్ సాధనం ఏఎస్‌పీ డాట్ నెట్ వెబ్ ఫారమ్స్‌లో ఇది పావుగంట పని.

కావలసినవి: విజువల్ స్టూడియో, డేటాబేస్‌లో రెండు టేబుళ్లు. ఒకటి జిల్లాలకి, ఇంకోటి బ్లాకులకి. బ్లాకుల టేబుల్లో జిల్లా కోడ్ ఉండాలి.

పేజీలో రెండు డ్రాప్‌డౌన్‌లు పెట్టండి. జిల్లాదానికి ఆటోపోస్ట్‌బ్యాక్ (ఎంపిక మారగానే ఫారాన్ని సర్వర్‌కి పంపే సెట్టింగ్) 'ట్రూ' చేయండి. కంటికి కనబడేది పేరు, లోపల విలువ కోడ్. పేరునే విలువగా పెట్టేవాళ్లకి మన ప్రాంతం చాలు బుద్ధి చెప్పడానికి: రాయగడ జిల్లాలో రాయగడ బ్లాకు ఉంది, పక్కనున్న గజపతి జిల్లాలోనూ రాయగడ అనే బ్లాకే ఉంది. పేరు మాత్రమే దాచుకుంటే ఆ పిల్లాడిది ఏ రాయగడో ఎవరు చెప్తారు?

ఇక అందరూ బోల్తా పడేది పేజ్ లోడ్ (పేజీ సర్వర్‌కి వెళ్లిన ప్రతిసారీ అక్కడ నడిచే కోడ్) దగ్గర. ఇక్కడ నిదానించండి.

జిల్లా మార్చగానే ఫారం మొత్తం సర్వర్‌కి వెళ్తుంది. అక్కడ ముందు వ్యూస్టేట్‌లోంచి, అంటే పేజీలోనే దాచిపెట్టిన పాత సమాచారంలోంచి, పాత జాబితా తిరిగొస్తుంది. అందులో మీరు ఎంచుకున్నదేదో గుర్తు పెడుతుంది. ఆ తర్వాతే పేజ్ లోడ్. దాని తర్వాత సెలెక్టెడ్ ఇండెక్స్ చేంజ్‌డ్ ఈవెంట్, అంటే ఎంపిక మారినప్పుడు నడిచే కోడ్. ఈ వరుస తెలియకుండా పేజ్ లోడ్‌లో జిల్లాలు మళ్లీ నింపితే, ముగ్గేశాక కల్లాపి చల్లినట్టే. గుర్తు చెరిగి మొదటి అంశం ఎంపికై కూర్చుంటుంది. ఈవెంట్ నడుస్తుంది, కానీ దానికి కనబడేది తప్పుడు జిల్లా. ఎర్రర్ కూడా రాదు కాబట్టి డేటాబేస్‌ని తిట్టుకుంటూ తిరుగుతారు.

అందుకే జిల్లాలు నింపే కోడ్‌ని 'ఈజ్ పోస్ట్‌బ్యాక్ కాకపోతేనే', అంటే పేజీ మొదటిసారి తెరిచినప్పుడే, అన్న షరతులో పెట్టాలి. బ్లాకులు నింపే కోడ్ పేజ్ లోడ్‌లో అసలు ఉండకూడదు, ఈవెంట్‌లోనే ఉండాలి. వ్యూస్టేట్ బరువని ఆపేయకండి. ఆపితే ఈ లెక్కంతా తలకిందులవుతుంది. గజపతిలో బ్లాకులు 7, రాయగడలో 11. ఈ మాత్రానికి బరువేమిటి?

ఈవెంట్‌లో పాత బ్లాకులు తుడిచేసి, ఎంచుకున్న జిల్లా కోడ్‌తో కొత్తవి తెచ్చి డేటాబైండ్ చేయండి, అంటే వాటిని డ్రాప్‌డౌన్‌లో నింపండి. 'బ్లాకు ఎంచుకోండి' అన్న వరుసని డేటాబైండ్ అయ్యాకే పైన చేర్చాలి. ముందు చేరిస్తే అదీ కొట్టుకుపోతుంది. దానికి విరుగుడుగా అపెండ్ డేటాబౌండ్ ఐటమ్స్ (పాతవి ఉంచి కొత్తవి చేర్చే సెట్టింగ్) వాడి, తుడవడం మర్చిపోయినవాళ్ల ఫారంలో రాయగడ జిల్లా గుణుపూర్, గజపతి జిల్లా మోహన ఒకే జాబితాలో కలిసి కాపురం చేస్తుంటాయి. జిల్లాల జాబితాకీ 'ఎంచుకోండి' వరుస తప్పనిసరి. లేకపోతే మొదటి జిల్లావాళ్లు మార్చేదేమీ ఉండదు, ఈవెంట్ పుట్టదు, బ్లాకులు రావు.

పేజీ మొత్తం రెపరెపలాడకుండా రెండింటినీ అప్‌డేట్ ప్యానెల్‌లో (పేజీలో ఆ భాగాన్నే మార్చే పెట్టెలో) పెట్టండి. అయినా సర్వర్లో పేజ్ లోడ్ మామూలుగానే నడుస్తుంది, పై షరతు తీసేయొద్దు.

జావాస్క్రిప్ట్‌తో బ్లాకులు నింపుదామనే కుర్రాళ్లు ఉంటారు. వెబ్ ఫారమ్స్‌లో వద్దు. తాను పంపని విలువ తిరిగొస్తే సర్వర్ ఒప్పుకోదు, 'ఇన్‌వాలిడ్ పోస్ట్‌బ్యాక్ ఆర్ కాల్‌బ్యాక్ ఆర్గ్యుమెంట్' అని మొహాన కొడుతుంది. దాన్ని నోరు మూయించడానికి ఈ తనిఖీనే, అంటే ఈవెంట్ వాలిడేషన్‌ని, ఆపేస్తారు. భద్రత పోతుంది, పని మాత్రం కాదు: ఆ బ్లాకు సర్వర్ జాబితాలో లేదు గనక సెలెక్టెడ్ వాల్యూలో కనబడనే కనబడదు.

అయ్యాక గజపతి జిల్లా, రాయగడ బ్లాకు ఎంచుకుని సేవ్ చేయండి. తర్వాత రాయగడ జిల్లా, రాయగడ బ్లాకు. టేబుల్లో రెండు వరుసల బ్లాకు కోడ్‌లు వేర్వేరుగా ఉండాలి.