అమ్మమ్మ గొంతు లాప్‌టాప్‌లోకి: పాత క్యాసెట్లు ఎక్కించడానికి యూఎస్‌బీ సౌండ్ కార్డు వాడే పద్ధతి

మన ఇళ్లలో చాలావాటిలో బీరువా అడుగునో అటక మీదో ఒక అట్టపెట్టె ఉంటుంది, అందులో ఎవరో ఒకరి గొంతు క్యాసెట్టు రీలు మీద నిద్రపోతూ ఉంటుంది. మా ఇంట్లో అది అమ్మమ్మ పాడిన మంగళహారతుల క్యాసెట్టు. మామయ్య టూ ఇన్ వన్ ముందు కూర్చోబెట్టి పాడించిన ఆ 60 నిమిషాల రికార్డింగుకు రెండో ప్రతి లేదు. అటువంటి క్యాసెట్టును లాప్‌టాప్‌లోకి ఎక్కించాలని కూర్చున్నప్పుడే, లాప్‌టాప్ పక్కన ఉన్న ఒక్క చిన్న రంధ్రం ఈ పనికి సరిపోదని నాకు అర్థమైంది.

ఈ కాలపు లాప్‌టాప్‌లలో ఎక్కువ వాటికి 3.5 మిల్లీమీటర్ల సాకెట్ ఒక్కటే ఉంటుంది. అది మైకు ఉన్న ఇయర్‌ఫోన్ల కోసం చేసినది. నాలుగు భాగాలున్న ఆ పిన్నులో రెండు ఎడమ, కుడి చెవులకు, ఒకటి గ్రౌండుకు, ఒకటి మైకుకు పోతాయి. అంటే లోపలికి శబ్దం తీసుకునే దారి ఒక్కటే, అదీ మైకు దారి. టేప్ రికార్డర్ నుంచి ఎడమ, కుడి అని రెండు దారుల్లో వచ్చే శబ్దాన్ని అది తీసుకోలేదు. ఒకవేళ బలవంతంగా తీసుకున్నా, మదర్‌బోర్డు మీది ఇతర భాగాల విద్యుత్తు అలజడి సన్నటి రొదలా రికార్డింగులో చేరే అవకాశం ఉంది. యూఎస్‌బీ సౌండ్ కార్డు శబ్దాన్ని అంకెలుగా మార్చే పనిని లాప్‌టాప్ బయటే ముగించి, అంకెలను మాత్రమే కేబుల్ ద్వారా లోపలికి పంపుతుంది. మనకు దానితో ఉన్న అసలు ప్రయోజనం ఇదే.

కార్డు కొనేటప్పుడు చూడవలసిన విషయాలన్నింటిలోనూ ముఖ్యమైనది ఒక్కటే: దానికి లైన్ ఇన్, అంటే టేప్ రికార్డర్ వంటి పరికరాల శబ్దాన్ని తీసుకునే రంధ్రం, ఉందా, మైక్ ఇన్ మాత్రమే ఉందా? పెన్‌డ్రైవ్ అంత ఉండి, ఒక ఆకుపచ్చ, ఒక గులాబీ రంధ్రాలతో చవకగా దొరికే కార్డులలో గులాబీది సాధారణంగా మైకుది. మైకు నుంచి వచ్చే సంకేతం కొన్ని మిల్లీవోల్టులే ఉంటుంది కనుక లోపలి ఆంప్లిఫయర్ దానిని ఎన్నో రెట్లు పెంచుతుంది. టేప్ డెక్ వెనుక నుంచి వచ్చే లైన్ సంకేతం సుమారు మూడో వంతు వోల్టు ఉంటుంది. మిల్లీవోల్టుల కోసం చేసిన రంధ్రంలోకి దానిని పంపితే శబ్దం పగిలిపోతుంది. పైగా ఈ చిన్న కార్డుల మైకు దారి దాదాపు ఎప్పుడూ మోనోయే. నేను మొదట కొన్నది ఇటువంటిదే. లైన్ ఇన్‌గా కూడా పనిచేస్తుందన్న దుకాణదారు మాట నమ్మి తెచ్చుకున్నాను, మొదటి హారతి మొత్తం బొంగురుగా, ఒకే పక్క నుంచి వచ్చింది. ఆన్‌లైన్ క్లాసులకు, ఫోన్ మాటలకు ఆ చిన్న కార్డు చక్కగా ఉపయోగపడుతుంది, క్యాసెట్టు పనికి మాత్రం దానిని వాడవద్దు.

కావలసినది ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ సాకెట్లు లోపలికి, బయటికి విడివిడిగా ఉన్న కార్డు. బెహ్రింగర్ వారి యూసీఏ202, యూసీఏ222 ఈ తరహావే. వాటికి మైకు దారి ఉండదు, 16 బిట్లు, 48,000 హెర్ట్జ్ వరకు, అంటే సెకనుకు 48,000 సార్లు శబ్దాన్ని కొలిచి, రికార్డు చేస్తాయి. ఇంతకంటే పెద్ద అంకెలున్న కార్డు కోసం ఎక్కువ డబ్బు పెట్టనవసరం లేదని నా అభిప్రాయం. 16 బిట్లు అంటే అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య సుమారు 96 డెసిబెల్స్ ఎడం, నాయిస్ రిడక్షన్ లేని మామూలు క్యాసెట్టు 60 డెసిబెల్స్ కూడా సాధారణంగా దాటదు. గాయకులు, పాడ్‌కాస్ట్ చేసేవారు వాడే ఫోకస్‌రైట్ స్కార్లెట్ వంటి ఇంటర్‌ఫేసు ఇంట్లో ఇప్పటికే ఉంటే, ఇన్‌పుట్‌ను లైన్‌కు మార్చి దానినే వాడుకోవచ్చు. కండెన్సర్ మైకు కోసం ఉండే 48 వోల్టుల బటన్ మాత్రం ఆపి ఉంచాలి. ఒక్క ఇన్‌పుట్‌కే లైన్ సౌకర్యం ఉన్న రకమైతే స్టీరియో రాదు.

కార్డు సంగతి ఇలా ఉంచి, ముందు క్యాసెట్టును సిద్ధం చేయాలి. దాని పై అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలను విరిచేస్తే, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాత గొంతు చెరిగిపోదు. ఈ పని అన్నిటికంటే ముందు చేయండి. రీలు వదులుగా ఉంటే పెన్సిల్‌ను చక్రంలో పెట్టి నెమ్మదిగా బిగించాలి. ఏళ్ల తరబడి కదలని క్యాసెట్టును ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కు తిప్పితే పొరలు విడివడి రీలు సాఫీగా నడుస్తుంది. ఇయర్‌బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపి టేప్ రికార్డర్ హెడ్డును తుడవాలి. గోధుమరంగు మడ్డి దూదికి అంటుకోవడం ఆగేవరకు తుడిచి, పూర్తిగా ఆరాకే క్యాసెట్టు పెట్టాలి. మా టూ ఇన్ వన్ హెడ్డు తుడిచినప్పుడు నాలుగు దూదులు నల్లబడ్డాయి. తుడవక ముందు దుప్పటి కప్పుకుని పాడినట్లున్న అమ్మమ్మ గొంతు, తుడిచాక ఎదురుగా కూర్చుని పాడినంత దగ్గరగా వినిపించింది. సాఫ్ట్‌వేర్‌తో ఎంత సరిదిద్దినా ఆ తేడా రాదు.

ఇప్పుడు కేబుల్. మీ దగ్గర ఉన్నది టేప్ డెక్ అయితే దాని వెనుక లైన్ అవుట్ అనే ఎరుపు, తెలుపు సాకెట్ల నుంచి కార్డు ఇన్‌పుట్‌కు నేరుగా ఆర్‌సీఏ కేబుల్ కలిపితే చాలు. వాక్‌మన్, టూ ఇన్ వన్ వంటి వాటికి సాధారణంగా లైన్ అవుట్ ఉండదు కనుక హెడ్‌ఫోన్ రంధ్రంలో ఒక చివర 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ను, మరో చివర రెండు ఆర్‌సీఏ పిన్నులు ఉన్న కేబుల్ పెట్టాలి. పాత టూ ఇన్ వన్‌లలో కొన్నింటికి ఈ రంధ్రం పెద్దదిగా, 6.35 మిల్లీమీటర్లు ఉంటుంది, దానికి కన్వర్టర్ పిన్ను దొరుకుతుంది. టోన్, బాస్ వంటి మీటలు మధ్యలో ఉంచి, మెగా బాస్ తరహా బటన్లు ఆపివేయాలి. కార్డును మధ్యలో హబ్ పెట్టకుండా లాప్‌టాప్ సాకెట్‌కే గుచ్చడం మేలు.

ఈ కార్డులకు డ్రైవర్ సీడీ అక్కరలేదు. యూఎస్‌బీ ద్వారా శబ్దం పంపే ఉమ్మడి ప్రమాణం 1998 నుంచి ఉంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడూ దానిని పాటించే కార్డును గుచ్చగానే గుర్తిస్తాయి. అయితే గుచ్చిన వెంటనే విండోస్ తరచుగా ఆ కార్డునే ప్రధాన స్పీకరుగా ఎంచుకుంటుంది. అప్పుడు లాప్‌టాప్ స్పీకర్లు మూగబోతాయి. కంగారు పడకుండా సెట్టింగ్స్‌లో సిస్టమ్, సౌండ్ తెరిచి అవుట్‌పుట్‌గా లాప్‌టాప్ స్పీకర్లను తిరిగి ఎంచుకోవాలి, లేదా హెడ్‌ఫోన్లను కార్డుకే పెట్టుకోవాలి. అదే పేజీలో ఇన్‌పుట్ కింద కార్డు పేరు యూఎస్‌బీ ఆడియో కోడెక్ అనో యూఎస్‌బీ ఆడియో డివైస్ అనో కనిపిస్తుంది. దాని ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఫార్మాట్ 2 ఛానళ్లు, 16 బిట్లు, 44,100 హెర్ట్జ్‌గా ఉందో లేదో చూడాలి. లైన్ ఇన్ ఉన్న కార్డును కూడా విండోస్ ఒక్కోసారి మైకు అనుకుని ఒకే ఛానల్‌కు కుదిస్తుంది, స్టీరియో పోవడానికి తరచు కారణం ఇదే. ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నది పూర్తిగా ఆపివేయాలి. మాటల కోసం చేసిన ఆ సవరణలు తంబురా శ్రుతిని రొద అనుకుని తొక్కేస్తాయి. చివరగా ప్రైవసీలో మైక్రోఫోన్ అనుమతి చూడండి. డెస్క్‌టాప్ యాప్‌లకు అనుమతి లేకపోతే అన్నీ సరిగా కలిపినా రికార్డింగు నిశ్శబ్దంగా ఉంటుంది. మ్యాక్‌లోనూ ఇదే అనుమతి ఇవ్వాలి.

రికార్డు చేయడానికి ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ప్రోగ్రాము చాలు. ఆడియో సెటప్‌లో రికార్డింగ్ డివైస్‌గా యూఎస్‌బీ కార్డును, ఛానళ్లుగా 2 స్టీరియోను ఎంచుకుని, ప్రాజెక్ట్ రేటును 44,100 హెర్ట్జ్‌కు పెట్టాలి. ఆ తరువాత ఈ మొత్తం పనికి ప్రాణం వంటి మెట్టు వస్తుంది, అది శబ్దం మోతాదు సరిచూడడం. క్యాసెట్టు మొదట్లో చూసి మోతాదు పెట్టడం పొరపాటు. మా అమ్మమ్మ పల్లవిని దేవుడి ముందు తనలో తాను అనుకుంటున్నంత మెల్లగా ఎత్తుకుని, రెండో చరణంలో గొంతు విప్పేది. నేను పల్లవికి తగినట్టు మోతాదు పెంచి వదిలేశాను. నలభై నిమిషాల తరువాత తెర మీద తరంగాన్ని పెద్దది చేసి చూస్తే, రెండో చరణం దగ్గర గోపురం శిఖరాన్ని అడ్డంగా కోసినట్లు పైఅంచులన్నీ చదునుగా ఉన్నాయి. అలా కోసుకుపోయిన శబ్దాన్ని తరువాత నిజంగా తిరిగి తేలేము, ఆ వైపు మొత్తం మళ్లీ ఎక్కించవలసి వచ్చింది. కాబట్టి క్యాసెట్టును అక్కడక్కడ విని, గొంతు అన్నిటికంటే పైకి లేచే చోటు కనిపెట్టి, అక్కడ మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగేటట్టు సరిచేయండి. యూసీఏ తరహా కార్డులకు ఇన్‌పుట్ మీట ఉండదు కనుక సరిచేయవలసింది టూ ఇన్ వన్ వాల్యూమునే. మీటరు పై హద్దు అయిన సున్నాకు మరీ దగ్గరగా పోవడం కంటే కాస్త తక్కువగా ఉండడమే క్షేమం, తక్కువైనది తరువాత పెంచుకోవచ్చు.

మోతాదు కుదిరాక అర నిమిషం రికార్డు చేసి హెడ్‌ఫోన్లతో వినాలి. వెనుక గుయ్‌మని ఒకే శ్రుతిలో రొద ఉంటే అది మన కరెంటు 50 హెర్ట్జ్ రొద కావచ్చు. లాప్‌టాప్ ఛార్జర్, టేప్ రికార్డర్ అడాప్టర్ రెండూ గోడకు కలిసి ఉన్నప్పుడు గ్రౌండు వలయంలా ఏర్పడి ఇది పుడుతుంది. ఛార్జర్ తీసి లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపితే చాలాసార్లు మాయమవుతుంది, టూ ఇన్ వన్‌కు బ్యాటరీ సెల్లులు వేస్తే ఇంకా మంచిది. మధ్య మధ్య టక్‌టక్‌మని తెగుతుంటే యూఎస్‌బీ సాకెట్ మార్చి, బ్రౌజర్ వంటి బరువైన ప్రోగ్రాములు మూసివేయాలి. ఒక పక్కే వినిపిస్తుంటే కార్డు దగ్గర ఎరుపు, తెలుపు పిన్నులను అటు ఇటు మార్చి చూడండి. లోపం పిన్నుతోపాటు రెండో పక్కకు మారితే కారణం కేబుల్ లేదా టేప్ రికార్డర్, మారకపోతే కార్డు లేదా సెట్టింగు.

అంతా సరిపోయాక లాప్‌టాప్ స్లీప్‌లోకి పోకుండా పవర్ సెట్టింగు మార్చి, ముందు ఆడాసిటీలో రికార్డు నొక్కి, తరువాత టేప్ ప్లే నొక్కాలి. 60 నిమిషాల క్యాసెట్టుకు ఒక్కో వైపు 30 నిమిషాలు, 90 నిమిషాల దానికి 45 నిమిషాలు పడుతుంది, దీనికి అడ్డదారి లేదు. ఆ సమయమంతా హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటూ కూర్చోవాలని నా మనవి. రీలు చిక్కుకుంటే వెంటనే ఆపవచ్చునన్నది ఒక కారణం. రెండోది, పాటకూ పాటకూ మధ్య వినిపించే మాటలు. మా క్యాసెట్టులో ఒకచోట అమ్మమ్మ పాట ఆపి, ‘పాలు పొంగుతున్నాయేమో చూడవే’ అని మా అమ్మను కేకేసింది. పాట కాదు కదా అని ఇటువంటి చోట్లను కత్తిరించవద్దు.

రికార్డింగు ముగిసిన వెంటనే ఏ సవరణా చేయకముందే డబ్ల్యూఏవీ ఫైలుగా దాచాలి. 16 బిట్లు, 44,100 హెర్ట్జ్, స్టీరియోలో గంటకు సుమారు 635 ఎంబీ అవుతుంది. నాణ్యత తగ్గకుండా చోటు ఆదా కావాలంటే ఎఫ్ఎల్ఏసీ ఉంది, ఎంపీ3 బంధువులకు వాట్సాప్‌లో పంపే ప్రతికి మాత్రమే. టేపు సుయ్‌మనే రొదను ఆడాసిటీ నాయిస్ రిడక్షన్‌తో తగ్గించవచ్చు, అది కూడా ప్రతి మీదే, కొద్దిగానే చేయండి. ఎక్కువ చేస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్లు వినిపిస్తుంది. మూల ఫైలును లాప్‌టాప్‌లో ఒకటి, బయటి హార్డ్‌డిస్కులో ఒకటి ఉంచండి. ఫైలు పేరులో పాడినవారి పేరు, ఏ వైపు, తెలిస్తే ఏ సంవత్సరం అన్నవి రాసి, అదే పేరును క్యాసెట్టు లేబుల్ మీద కూడా రాయండి. క్యాసెట్టును పారేయవద్దు. చివరిదాకా తిప్పి, పెట్టెలో నిలువుగా పెట్టి, స్పీకర్లకు, ఎండకు, తేమకు దూరంగా ఉంచితే, రేపు ఇంతకంటే మంచి టేప్ డెక్ చేతికి వచ్చినప్పుడు మరోసారి ఎక్కించుకోవచ్చు.