విక్టోరియా కాలపు తీరపు కోటకి వెళ్తే ముందు నేల చూడండి

ఇంగ్లాండ్ దక్షిణ తీరంలోని హర్స్ట్ కోటకి వెళ్లినవాళ్లలో చాలామంది నేరుగా మధ్యలో ఉన్న ఎనిమిదో హెన్రీ కాలపు బురుజు ఎక్కి నాలుగు ఫొటోలు తీసుకుంటారు. దానికి అటూ ఇటూ సాగిన పొడవాటి గ్రానైట్ గోడల్ని పాత గోదాముల్లా దాటుకుని వచ్చేస్తారు. అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే విక్టోరియా కాలం కథంతా ఆ గోడల వెనకే ఉంది.

దగ్గర్లోని కీహేవెన్ అనే ఊరి నుంచి పడవ ఉంటుంది కానీ, ఓపికుంటే గులకరాళ్ల దిబ్బ మీద సుమారు రెండున్నర కిలోమీటర్లు నడిచే వెళ్లండి. అలా వెళ్తే కోట అక్కడే ఎందుకు కట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎదురుగా ఐల్ ఆఫ్ వైట్ అనే దీవి, మధ్యలో కిలోమీటరున్నర కూడా లేని ఇరుకు సముద్రం. దీవిని చుట్టి రాకుండా పడమటి నుంచి పోర్ట్స్‌మౌత్ నౌకా స్థావరం వైపు వచ్చే ఓడ ఈ సందులోంచే దూరాలి.

లోపలికి వెళ్లే ముందు ఒక్క సంవత్సరం గుర్తుపెట్టుకోండి, 1859. ఆ ఏడాది ఫ్రాన్స్ ఇనుప కవచం తొడిగిన లా గ్ల్వార్ అనే యుద్ధనౌకని నీళ్లలోకి దించింది, బ్రిటన్‌కి టెన్షన్ పట్టుకుంది. దేశ రక్షణ ఎలా ఉందో చూడమని అదే ఏడాది ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ 1860లో నివేదిక ఇచ్చాక, పామర్‌స్టన్ ప్రధానిగా ఉండగా తీరం పొడవునా కోటల పని మొదలైంది. హర్స్ట్‌లో బురుజుకి అటూ ఇటూ ఉన్న గ్రానైట్ గోడల, అంటే ఈ రెండు రెక్కల పని 1861లో మొదలై పదేళ్లకు పైగా సాగింది.

ఇప్పుడు ఏదైనా ఒక ఫిరంగి గదిలోకి వెళ్లి తల దించండి. నేలలో వంపు తిరిగిన ఇనుప పట్టాలు కనిపిస్తాయి. ఫిరంగిని కూర్చోబెట్టిన బండి చక్రాలు వాటి మీద తిరిగేవి, అందుకే గోడకి ఉన్న కన్నం చిన్నదైనా ఫిరంగి అటూ ఇటూ గురి మార్చగలిగేది. కన్నం చుట్టూ ఉన్న ఇనుప కవచాన్ని చేత్తో తట్టి చూడండి. దాని వెనక లావుపాటి తాళ్లతో అల్లిన తెరలు వేలాడేవి, పగిలిన ఇనుప ముక్కలూ పొగా లోపలి మనుషుల మీదకి రాకుండా. హర్స్ట్‌లో 38 టన్నుల ఫిరంగులు రెండు ఇంకా ఉన్నాయి, వాటి దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడండి. మందూ గుండూ మూతిలోంచే దట్టించాలి, ఒక్కో గుండు సుమారు 360 కిలోలు. అంత బరువుని ఆ ఇరుకులో, పొగలో, సైనికులు ఎలా కదిపారో ఊహించుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది.

ఇలాంటి కోటల్లో మందుగుండు గదులు తెరిచి ఉంటే అస్సలు వదలొద్దు. గోడలో చిన్న గాజు కిటికీ కనిపిస్తే అది దీపం గూడు. దీపాన్ని అవతలి సందులోంచి వేరే మనిషి వెలిగించేవాడు, వెలుతురు మాత్రమే గాజులోంచి ఇవతలికి వచ్చేది, మంట మందు దగ్గరికి చేరేది కాదు. లోపల పనిచేసేవాళ్లు బయటి బట్టలూ బూట్లూ మార్చుకుని మరీ వెళ్లేవారు, బూటుకున్న ఇనుప మేకు నుంచి ఒక్క నిప్పురవ్వ లేచినా చాలు కాబట్టి.

చివర్లో తర్వాతి కాలపు మార్పులు వెతకండి, కాంక్రీటు కనిపిస్తే చాలావరకు అవే. టార్పెడోలు వదిలే చిన్న, వేగమైన పడవలు వచ్చాక ఈ బరువైన ఫిరంగులు వాటి వేగాన్ని అందుకోలేక, 12 పౌండ్ల గుండుని వెంటవెంటనే పేల్చగల క్విక్ ఫైరింగ్ ఫిరంగులూ సెర్చ్‌లైట్లూ వచ్చాయి. 1956లో బ్రిటన్ తీరపు ఫిరంగి దళాన్నే రద్దు చేసింది. ఫ్రెంచివాళ్లు రానే లేదు కాబట్టి వీటిని పామర్‌స్టన్ తెలివితక్కువ కట్టడాలని వెక్కిరించేవారు. నాకైతే అది అన్యాయమనిపిస్తుంది, కాపలా ఉన్న ఇంటికి దొంగ రాకపోతే కాపలాదారుని తప్పుపడతామా?

తిరిగొచ్చేటప్పుడు తూర్పు రెక్కని బయటి నుంచి చూడండి. అలలు పునాది కింద తొలిచేయడంతో 2021 ఫిబ్రవరిలో అక్కడ గోడ కొంత భాగం కూలిపోయింది.