కసువు లెక్క: టమాటా మడిలో మనమే చేసుకునే పరిశోధన

రెండు మీటర్ల ఇనుప కమ్మీ ఒకటి తీసుకోండి. పెన్సిల్ మందం ఉన్నా చాలు. అర మీటరుకు ఒకసారి వంచి చదరం చేసి, రెండు కొసలనూ బైండింగ్ వైరుతో కట్టేయండి. కలుపు పని మొదలుపెట్టేటప్పుడు నేను ముందు చేతిలోకి తీసుకునేది దీన్నే. కొడవలి ఆ తర్వాతే.

మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర. ఎర్ర నేల, రెండెకరాలు, ఒక బోరు. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు ఒక పరిశోధనా స్థానానికి దినకూలీగా పోయేదాన్ని. అక్కడ సార్లు ఇలాంటి చదరాన్నే పైరులో వేసి, లోపల పడిన కసువును, అంటే కలుపు మొక్కలను, జాతి వారీగా లెక్కపెట్టమనేవారు. మాతో వచ్చే ఒక అవ్వ, "కసువును పీకేది ఉంది గానీ లెక్కపెట్టేదేంది పాపా?" అని అడిగేది. అప్పుడు నాకూ అర్థం కాలేదు. తర్వాత సొంతంగా టమాటా పెట్టాను. మూడుసార్లు కూలీలను పెట్టి తీయించినా మడి మళ్ళీ పచ్చగా కనిపించిన రోజున అర్థమైంది. ఏది ఎంతుందో, ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండానే డబ్బులు పోస్తున్నాను.

లెక్క ఇలా పెట్టండి. నారు నాటిన పదిహేనో రోజు, కలుపు తీయకముందే మడిలోకి దిగండి. పది అడుగులు నడిచి, ఎక్కడ ఆగితే అక్కడే చదరం వేయండి. చోటు చూసి వేయకండి. మనకు తెలియకుండానే చెయ్యి కసువు ఎక్కువున్న చోటికే పోతుంది. ఎకరాకు పది చోట్ల వేస్తే మంచిది, కనీసం ఐదు చోట్లయినా వేయండి. ప్రతి చోటా ఒక చిన్న మేకు పాతి పెట్టండి, దాని పని తర్వాత చెప్తాను. చదరంలో ఉన్నవాటిని మూడు రకాలుగా రాయండి: ఒకటి, గరిక, ఊద లాంటి గడ్డి జాతి; రెండు, తోటకూర, పాయలాకు, గలిజేరు, పల్లేరు లాంటి వెడల్పాకులు; మూడు, తుంగ. తుంగ చూడ్డానికి గడ్డిలాగే ఉంటుంది కానీ కాడను రెండు వేళ్ళ మధ్య తిప్పితే మూడు అంచులు తగులుతాయి. చదరంలో వచ్చిన అంకెను నాలుగుతో హెచ్చిస్తే చదరపు మీటరు లెక్క వస్తుంది.

నా నోటు పుస్తకంలో మొదటి పేజీ చూస్తే తుంగ గడిలోనే పెద్ద అంకెలు. అంతవరకు నేను తోటకూరనే శత్రువు అనుకున్నాను, ఎందుకంటే ఎత్తుగా పెరిగి కంటికి ఆనేది అదే.

తుంగ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. చేత్తో పీకితే ఆకులు, వాటి కింద చిన్న ఉబ్బు మాత్రమే వస్తాయి. దారం లాంటి వేరు తెగి, గడ్డ నేలలోనే ఉండిపోతుంది. ఒకరోజు ఒకే ఒక్క మొక్క చుట్టూ గడ్డపారతో జానెడు లోతు తవ్వి, మట్టిని నీళ్ళతో మెల్లగా కడిగాను. నల్లటి గడ్డలు గొలుసులా ఒకదానికొకటి తగులుకొని పదకొండు వచ్చాయి. ఒకదాన్ని కోస్తే లోపల తెల్లగా, మూలికల అంగడిలో అమ్మే తుంగముస్తల వాసన. తుంగముస్తలంటే ఈ గడ్డలే మరి. గొలుసు తెగనంతవరకు చాలా గడ్డలు నిద్రపోతూనే ఉంటాయి, ముందున్న గడ్డ మొలిచి మిగతావాటిని ఆపి ఉంచుతుంది. తడి నేలలో రోటవేటర్ (ట్రాక్టరుకు తగిలించి మట్టిని చిదిపే యంత్రం) తిప్పామంటే గొలుసు ముక్కలై ప్రతి గడ్డా లేస్తుంది. నేను రెండేళ్ళు డబ్బులిచ్చి ఆ పనే చేయించాను.

ఆ గడ్డల్లో ఆరింటిని మే నెలలో మిద్దె మీద ఎండలో పెట్టి, పద్నాలుగు రోజుల తర్వాత కుండీలో నాటి నీళ్ళు పోశాను. ఒక్కటీ మొలవలేదు. మన జిల్లా ఎండలు మనకిచ్చిన మందు ఇదే. ఏప్రిల్‌లో, నేల ఆరి ఉన్నప్పుడు, లోతుగా మడక దున్ని పెళ్ళలు తిరగబడేలా వదిలేయండి. రెండు మూడు వారాలకు ఇంకోసారి తిరగేయండి. ఆ మధ్యలో నీళ్ళు పెట్టకండి. తొలి వానలు పడగానే జనుము గానీ అలసంద గానీ ఒత్తుగా చల్లండి. తుంగకు నీడ గిట్టదు. జనుము పూతకు రాకముందే, సుమారు నలభై ఐదు రోజులకు, నేలలో కలిపేయండి. ప్రకృతి వ్యవసాయం వాళ్ళు వానలకు ముందే నవధాన్యాలు చల్లమనేది భూసారానికే కాదు, ఈ నీడ కోసం కూడా.

ఇక గింజతో మొలిచే కసువు. దానికి నాకు బాగా పనిచేసిన పద్ధతి, దాన్ని ముందే మొలిపించి చంపడం. నాటడానికి రెండు వారాల ముందే బోదెలు, డ్రిప్పు పైపులు అన్నీ సిద్ధం చేసి, నారు ఉన్నట్టే నీళ్ళు వదలండి. పది పన్నెండు రోజుల్లో మడి మీద పచ్చటి నూగులా మొలకలు వస్తాయి. రెండాకుల దశలో, ఎండ బాగా ఉన్న పొద్దున, దోకుడు పారతో పైపైన గీకేయండి. వేలి మొదటి కణుపును మించి లోతు పోకూడదు. కసువు గింజలు ఎక్కువగా పైపొరలోంచే మొలుస్తాయి. లోతుగా తవ్వితే కింద నిద్రపోతున్న గింజలకు వెలుగు చూపించినట్టే. గీకాక రెండు రోజులు నీళ్ళు ఆపండి, తర్వాత నాటండి. నాటేటప్పుడు కూడా నారు పట్టేంత గుంతే తవ్వండి.

నారుమడికి ఇంకో దారి ఉంది. ఎండాకాలంలో మడిని బాగా తడిపి, తెల్లటి పారదర్శక పాలిథిన్ షీటు, 25 మైక్రాన్ల మందం ఉన్నది, నేలకు అంటుకునేలా పరిచి, అంచులను మట్టితో మూసేయండి. నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. నల్ల షీటు ఈ పనికి రాదు, వేడిని అదే మింగుతుంది, నేలకు దిగనీయదు. ఇజ్రాయెల్‌లో 1970లలో పరిశోధించి చూపించిన పద్ధతి ఇది. అయితే తుంగ గడ్డలు లోతులో ఉంటాయి కాబట్టి దీనికి పూర్తిగా లొంగవు. కసువు రాకుండా సాళ్ళలో నేల మీద పరిచే మల్చింగ్ షీటును కూడా తుంగ సూదిలా గుచ్చుకొని బయటికి వస్తుంది. అందుకే తుంగ ఉన్న మడిలో షీటు కొనేముందు లెక్క చూసుకోండి అంటాను.

షీటు బదులు మాకు శెనక్కాయ పొట్టు దొరుకుతుంది. నారు నిలదొక్కుకున్నాక సాళ్ళ మధ్య రెండంగుళాల మందం పరిచి, వెంటనే తడపండి, లేదంటే గాలికి పోతుంది. కాండానికి తగలకుండా నాలుగు వేళ్ళ ఎడం వదలండి, చెదలు పొట్టు నుంచి కాండానికి ఎక్కుతాయి. పొట్టులో పప్పు మిగిలి ఉంటే ఎలుకలు వస్తాయి, చూసి తెచ్చుకోండి.

ఎరువు కోసం చేలో గొర్రెల మంద కట్టించేవాళ్ళకు ఒక మాట. మంద అంతకుముందు ఎక్కడ మేసిందో గొల్లన్నను అడగండి. సర్కారు తుమ్మ కాయలు తిని వచ్చిన మంద అయితే ఆ గింజలు పెంటికల్లో బతికే వస్తాయి. మంద లేచాక ఒక వానకు మొలవనిచ్చి, గుంటక (మొలకలను కోసే ఎద్దుల పనిముట్టు) తోలాకే నాటండి. పశువుల ఎరువు కూడా పచ్చిది తోలకండి. కుప్ప చేయి పెట్టలేనంత వేడెక్కి, తిరగేసి, మాగిన తర్వాతే తోలండి.

ఇప్పుడు అసలు ప్రయోగం. కలుపు ఎన్ని రోజులు తీస్తే చాలు? దాదాపు నాలుగు సెంట్ల నేల కేటాయించండి. 3 మీటర్లకు 4 మీటర్ల ప్లాట్లు పన్నెండు వేయండి. 60 సెంటీమీటర్ల సాళ్ళు అయితే ఒక్కో ప్లాటులో ఐదు వస్తాయి. నాలుగు తీర్లు, ఒక్కో తీరుకు మూడు ప్లాట్లు: అసలు తీయనిది, 20 రోజుల వరకు తీసి వదిలేసినది, 40 రోజుల వరకు తీసినది, చివరిదాకా శుభ్రంగా ఉంచినది. పన్నెండు ప్లాట్లను మూడు వరసలుగా చూసుకొని, ప్రతి వరసలోనూ నాలుగు తీర్లూ ఉండేలా చీటీలు తీసి పంచండి. ఒక తీరునంతా ఒకే మూల పెడితే, ఆ మూల దిబ్బ ఎరువు పడిన చోటు అయితే, మనం ఎరువును కొలిచి కలుపు అనుకుంటాం. కోత రోజున అంచు సాళ్ళు రెండూ వదిలి, మధ్య మూడు సాళ్ళ కాయలే తూకం వేసి రాయండి. ప్రతి కోతకూ రాయాలి, మొదటి కోత మాత్రమే కాదు.

మా మడిలో 40 రోజులవి, చివరిదాకా తీసినవి తూకంలో దాదాపు కలిసిపోయాయి. 20 రోజులకు ఆపినవి వెనకబడ్డాయి. అసలు ముట్టనివాటిలో కాయ నిమ్మకాయంత దగ్గరే ఆగింది. టమాటాకు మొదటి నాలుగు నుంచి ఆరు వారాలే ముఖ్యమని సార్లు చెప్పింది నా కాటాలో కనిపించింది. అప్పటి నుంచి చివరి కలుపుకు కూలీలను పెట్టడం మానేశాను, పూతకు వచ్చిన కసువును మాత్రం గింజ రాలకముందే నేనే పీకేస్తాను. ఉల్లికి ఈ లెక్క కుదరదు. ఉల్లి ఆకు సన్నగా నిటారుగా ఉంటుంది, నేలకు నీడ ఇవ్వదు, అందుకని రెండు నెలల దాకా కలుపు తీయాల్సిందే.

మందుల సంగతి ఒక్కటే చెప్తాను, నా పైరు పోగొట్టుకొని నేర్చుకున్నది. ఒకసారి స్ప్రేయర్ అరువు తెచ్చి వేపనూనె కొట్టాను. ఐదో రోజుకు లేత ఆకులు సన్నగా పట్టీల్లా సాగి, కొసలు కిందికి ముడుచుకున్నాయి. వైరస్ అనుకొని మొక్కలు పీకేశాను. తర్వాత గమనిస్తే, నేను కొట్టడం మొదలుపెట్టిన సాలులో దెబ్బ ఎక్కువ, ట్యాంకు మార్చి మార్చి పోయినకొద్దీ తక్కువ. ఆ ట్యాంకులో అంతకుముందు మొక్కజొన్నకు 2,4-డి అనే కలుపు మందు కొట్టారు. టమాటాకు అది చుక్క తగిలినా చాలు. కలుపు మందుకు వేరే స్ప్రేయర్ ఉంచండి, నీళ్ళతో కడిగితే సరిపోతుంది అనుకోకండి. పక్క చేనువాళ్ళు ఆ మందు కొట్టే రోజు గాలి ఎటుందో కూడా అడిగి తెలుసుకోండి.

గట్ల మీద వయ్యారిభామను మర్చిపోకండి. 1955లో పుణెలో కనిపించిన మొక్క ఇప్పుడు మన రోడ్ల పక్కనంతా ఉంది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. వానాకాలంలో పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకొని, వేళ్ళతో సహా పీకండి. దాని ఆకుల మీద గీతల పురుగులు తింటూ కనిపిస్తే వాటిని చంపకండి, అవి 1980లలో మెక్సికో నుంచి ఇందుకే తెప్పించిన పెంకు పురుగులు.

పాతిన మేకులను కోత అయ్యాక పీకేయకండి. దుక్కి సమయంలో అవి లేచిపోతాయి కాబట్టి గట్టు నుంచి ఎన్ని అడుగులో నోటు పుస్తకంలో రాసుకోండి. వచ్చే సంవత్సరం అదే చోట, అదే పదిహేనో రోజున చదరం వేసి అంకె రాయండి. మా మూడో నంబరు మేకు దగ్గర తుంగ మొదటి ఏడాది చదరానికి 31, మొన్న 9. ఏడో నంబరు దగ్గర మాత్రం తగ్గలేదు. అక్కడ డ్రిప్పు పైపు కారుతోంది. ఈ వారం దాన్ని మారుస్తున్నాను.