హాలుకి హీటర్ కొనే ముందు బుకింగ్ డైరీ చూడండి

బ్రిటన్‌లో కమ్యూనిటీ హాలు కమిటీల్లో ఉన్న మనవాళ్లకి ఒక మాట. హీటింగ్ మార్చాలనుకుంటే ముందు బుకింగ్ డైరీ తీయండి. వారానికి రెండు మూడు పూటలే వాడే హాలైతే, ఎత్తైన కప్పు కింద ఉన్న గాలంతా వేడి చేయడం దండగ. వేడిగాలి పైకెళ్లి దూలాల దగ్గరే ఆగిపోతుంది, కింద నేల మీద కూర్చున్న పిల్లల కాళ్లు చల్లగానే ఉంటాయి. అలాంటి చోట గోడ పైభాగాన బిగించే ఇన్‌ఫ్రారెడ్ ప్యానెళ్లు మేలు. ఎండ తగిలినట్టు నేరుగా మనుషులకే వేడి తగులుతుంది, అదీ స్విచ్ వేసిన కొద్ది నిమిషాల్లోనే.

రోజూ పొద్దున నర్సరీ, సాయంత్రం క్లాసులు నడిచే హాలైతే లెక్క వేరు. అక్కడ హీట్ పంప్ (బయటి గాలిలోంచో నేలలోంచో వేడిని లాగి లోపలికి తెచ్చే కరెంటు యంత్రం) పెట్టుకోండి, ఒక యూనిట్ కరెంటుకి సుమారు 3 యూనిట్ల వేడి ఇస్తుంది. కాకపోతే నిదానంగా వేడెక్కుతుంది, టైమర్ ముందే పెట్టుకోవాలి.

ఏది కొన్నా, అంతకంటే ముందు తలుపు సందులు మూయించండి, పైకప్పుకి ఇన్సులేషన్ వేయించండి. గ్యాస్ సిలిండర్ హీటర్ల జోలికి మాత్రం దయచేసి పోకండి. అవి మండుతూ తేమ వదులుతాయి, కిటికీ అద్దాలు చెమర్చి గోడలకు బూజు పడుతుంది. గాలి సరిగ్గా ఆడకపోతే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణాలకే ముప్పు.