చిన్న వ్యాపారానికి ఎక్స్ ఖాతా – 3వ పాఠం: మగ్గం దిగిన చీర, 280 అక్షరాలు

గత రెండు పాఠాలలో ఖాతా తెరవడం, పేరు నిర్ణయించుకోవడం, పరిచయ వాక్యం రాసుకోవడం పూర్తయ్యాయి. @ గుర్తు తర్వాత వచ్చే పేరు 15 అక్షరాలకు మించకూడదనీ, అందులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడుగుగీత తప్ప మరేవీ చెల్లవనీ, దాని పైన కనిపించే పేరును మాత్రం నిక్షేపంగా తెలుగులో పెట్టుకోవచ్చనీ చూశాం. 160 అక్షరాల పరిచయంలో ఏం అమ్ముతారో, ఏ ఊళ్లో ఉంటారో, మిమ్మల్ని ఎలా సంప్రదించాలో రాయమన్నాను. అక్కడ ‘నాణ్యతకు మారుపేరు’ అని రాసుకున్నవారు ఎవరైనా ఉంటే ఆ మాట కొట్టేసి, ఊరి పేరు చేర్చి, ఆ తర్వాతే ఈ పాఠంలోకి రండి.

ఈసారి నేర్చుకునేది ఒకే ఒక్క పని: అమ్మకానికి పనికొచ్చే పోస్టు ఒకటి రాయడం. ఉదాహరణకు మంగళగిరిలో నాలుగు మగ్గాల మీద నేయించి అమ్ముకునే ఒక చిన్న చీరల దుకాణాన్ని ఊహించుకుందాం. మీది పచ్చళ్ల వ్యాపారమైనా, కొండపల్లి బొమ్మలైనా, పూతరేకులైనా పద్ధతి మారదు. చీర అన్నచోట మీ సరుకు పేరు పెట్టుకొని చదవండి.

ఏం చెప్పాలి

ఈ మాధ్యమాన్ని చిరువ్యాపారానికి వాడుకున్నవారిలో అందరూ చెప్పుకునే ఉదాహరణ అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరానిది. 2008 చివర్లో అక్కడ ‘కోగి’ అనే తిండి బండి మొదలైంది. కొరియా పద్ధతిలో ఊరబెట్టి కాల్చిన మాంసాన్ని మెక్సికో వాళ్ల టాకోల్లో (మడతపెట్టిన చిన్న రొట్టెల్లో) పెట్టి అమ్మాలన్నది మార్క్ మాంగెరా ఆలోచన. వంట రాయ్ చోయ్ చేతిది. రాత్రిళ్లు ఊరంతా తిరిగే బండి కాబట్టి, తినాలనుకున్నవారికి అది ఎక్కడ దొరుకుతుందో తెలియడమే అసలు చిక్కు. అప్పటికి ట్విట్టర్ (ఎక్స్‌కు పాత పేరు) పుట్టి రెండేళ్లు దాటింది. కోగి వారు ఈ రాత్రి బండి ఏ వీధిలో, ఎన్ని గంటలకు ఆగుతుందో అందులో రాయడం మొదలుపెట్టారు. బండి చేరేసరికే జనం బారులు తీరి నిలబడే పరిస్థితి వచ్చింది. రాయ్ చోయ్ 2010లో ఒక ప్రముఖ అమెరికన్ ఆహార పత్రిక ఎంపిక చేసిన ఉత్తమ కొత్త వంటగాళ్ల జాబితాలో చోటు సంపాదించాడు.

వాళ్లు ‘మా టాకోలు అద్భుతం’ అని రాసి ఉంటే ఎవరూ కదిలేవారు కారు. కొనేవాడికి ఆ పూట అవసరమైనదీ, అమ్మేవాడికి తప్ప మరొకరికి తెలియనిదీ అయిన ఒక సమాచారాన్ని సమయానికి అందించారు. మన వీధుల్లో పొద్దున్నే కేక వేసుకుంటూ పోయే ఆకుకూరల బండివాడు చేసేదీ ఇదే. ‘గోంగూర, తోటకూర, చుక్కకూర’ అంటాడే గానీ ‘నమ్మకానికి ప్రతీక’ అనడు. కాబట్టి పోస్టు రాసేముందు మీకు మీరు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: నిన్న లేనిదీ, ఇవాళ ఉన్నదీ నా దుకాణంలో ఏమిటి? మగ్గం నుంచి కొత్త చీర దిగిందా, అడిగిన రంగు నూలు వచ్చిందా, వాన వల్ల రంగులద్దకం ఆగి సరుకు రెండు రోజులు ఆలస్యమవుతుందా? ఆఖరిది కూడా పోస్టుకు పనికొచ్చే సంగతేనని చాలామంది ఒప్పుకోరు. కానీ ఆలస్యాన్ని ముందుగా చెప్పిన వ్యాపారికి ‘ఇంకా రాలేదేం’ అని అడిగే ఫోన్లు తగ్గుతాయి.

అక్షరాల లెక్క

ఈ సేవ 2006లో ఫోన్ సందేశాల మీద ఆధారపడి పుట్టింది. ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాల హద్దు ఉండడంతో, అందులో 20 పంపేవారి పేరుకు వదిలి, మిగిలిన 140ని రాతకు కేటాయించారు. 2017 నవంబరులో ఆ హద్దును 280కి పెంచారు. 2023 జులైలో ట్విట్టర్ పేరు ఎక్స్‌గా మారింది గానీ ఉచిత ఖాతాలకు 280 అలాగే ఉంది. డబ్బు కట్టినవారు ఇంకా పొడుగ్గా రాయవచ్చు. అయినా చదివేవారికి వరుసలో మొదటి భాగమే కనబడి, మిగతాది చూడాలంటే నొక్కవలసి వస్తుంది కనుక మన సాధన 280లోనే సాగుతుంది.

తెలుగులో రాసేవారికి ఇక్కడొక మెలిక ఉంది. మనం అక్షరం అనుకునేది వేరు, యంత్రం లెక్కపెట్టేది వేరు. గుణింతపు గుర్తు, సున్న, పొల్లు ప్రతిదీ యంత్రానికి విడి అక్షరమే. ‘చీర’ మన కంటికి రెండక్షరాలు. యంత్రానికి చ, దీర్ఘపు గుర్తు, ర కలిసి మూడు. ‘పట్టు’ మనకు రెండు, దానికి ఐదు, ఎందుకంటే ట కింద ట వత్తు రావడానికి మధ్యలో కనబడని పొల్లు ఒకటి ఉంటుంది. ‘స్త్రీ’ ఒక్క అక్షరంలా కనిపించినా ఆరు తింటుంది. ‘మంగళగిరి చేనేత చీర’ అన్న మూడు మాటలు మన లెక్కలో పది అక్షరాలైతే, మధ్యనున్న ఖాళీలతో కలిపి ఎక్స్ లెక్కలో 18 అవుతాయి. వత్తులు ఎక్కువున్న సంస్కృత సమాసాలు ఈ లెక్కలో ఖరీదైనవి; ‘అత్యుత్తమ నాణ్యతా ప్రమాణాలు’ వదులుకోవడానికి ఇదొక అదనపు కారణం.

మరో రెండు లెక్కలు గుర్తుంచుకుంటే చాలు. వెబ్ చిరునామా ఎంత పొడుగున్నా, ఎంత పొట్టిగా ఉన్నా 23 అక్షరాలుగానే లెక్కకు వస్తుంది. ఎమోజీ ఒక్కొక్కటి రెండు. ఫొటోలకు లెక్క లేదు.

రెండు చిత్తుప్రతులు

మొదటిది చూడండి:

‘మా వద్ద అన్ని రకముల చేనేత చీరలు సరసమైన ధరలకు లభించును. నేడే విచ్చేయండి!’

ఇది గోడ మీద రాతకు, కరపత్రానికి అలవాటైన భాష. ఏ ఊరి దుకాణమైనా, ఏ సంవత్సరమైనా ఇదే రాయవచ్చు. అందుకే చదివినవారికి చేయడానికేమీ మిగలదు. ఇప్పుడు రెండోది:

‘నిన్న సాయంత్రం మగ్గం నుంచి దిగిన చీర. మంగళగిరి నూలు, చిలకపచ్చ రంగు, నిజాం అంచు. రెండే ఉన్నాయి. ధర 2,400 రూపాయలు, తపాలా ఖర్చు మాదే. కావలసినవారు సందేశం పంపండి.’

ఎప్పుడు, ఏమిటి, ఎన్ని, ఎంత, ఎలా అన్న ఐదింటికీ ఇందులో జవాబుంది. ఖాళీలు, చుక్కలు, కామాలతో సహా ఇది సరిగ్గా 157 అక్షరాలు; పాత 140 హద్దులో పట్టేది కాదు, ఇప్పుడు మరో 123కి చోటు మిగిలింది. ఆ చోటు నింపి తీరాలన్న నియమమేమీ లేదు. ధర రాయడానికి చాలామంది వెనకాడి ‘ధర కోసం సందేశం పంపండి’ అంటారు. నా అభిప్రాయంలో అది చిరువ్యాపారి తనకు తాను వేసుకునే అడ్డుకట్ట, ఎందుకంటే అడగడానికి మొహమాటపడేవారు అడగకుండానే వెళ్లిపోతారు.

అంకెల దగ్గర మాత్రం ఒకటికి రెండుసార్లు చదవండి. నా దగ్గర పాఠం నేర్చుకున్న ఒకావిడ తొందరలో 2,400 బదులు 240 అని రాసి, అరగంట తర్వాత చూసుకునేసరికి పదకొండు మంది ‘నాకొకటి’ అని రాసి ఉన్నారు. ఉచిత ఖాతాలో ఒకసారి వేసిన పోస్టును సవరించే వీలు లేదు. తప్పు జరిగితే ఆ పోస్టు తీసేసి, సరైన ధరతో మళ్లీ వేసి, ‘పొద్దున ధర తప్పు పడింది, మన్నించండి’ అని అందులోనే రాయాలి. ఆవిడ మొదట తప్పు పోస్టును గుట్టుగా తీసేసి ఊరుకుంది. దాంతో ధర పెంచేశారన్న మాట పడింది.

ఫొటోలు

ఒక పోస్టుకు నాలుగు ఫొటోల వరకు పెట్టవచ్చు. చీరకు ఈ నాలుగూ చాలు: పూర్తిగా పరచిన పైట, అంచు దగ్గరగా, మడత మీద చీర, నాలుగోది మగ్గం మీద సగం నేసిన బట్ట. ఈ చివరిదాన్ని వదిలేయకండి. పక్క ఊళ్లో సరుకు కొని తెచ్చి అమ్మేవాడి దగ్గర ఉండనిది అదొక్కటే.

ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య గుమ్మం దగ్గర, నేరుగా ఎండ పడని చోట తీయండి. ట్యూబులైటు కింద చిలకపచ్చ పాలిపోతుంది, పసుపు బల్బు కింద నెమలికంఠం రంగు ముదురాకుపచ్చగా మారుతుంది, పార్సిలు విప్పిన కొనుగోలుదారు ‘నేను చూసిన రంగు ఇది కాదు’ అంటుంది. ఫోను చేసే రంగుల మెరుగులను ఆపేయండి. ప్రతి ఫొటోకూ వివరణ రాసే సదుపాయం కూడా ఉంది. 1,000 అక్షరాల వరకు రాయవచ్చు. చూపు లేనివారికి ఫోను దాన్ని చదివి వినిపిస్తుంది కాబట్టి అక్కడ రంగు, అంచు వెడల్పు, రవికె గుడ్డ ఉన్నదీ లేనిదీ రాయండి.

హ్యాష్‌ట్యాగ్ ఎంతవరకు

# గుర్తు ముందు పెట్టి రాసే మాటే హ్యాష్‌ట్యాగ్. పోస్టుకు ఎన్ని అంటే క్లుప్తంగా చెబుతాను: ఒకటి, మహా అయితే రెండు. ఖాళీ వచ్చినచోట హ్యాష్‌ట్యాగ్ తెగిపోతుంది కనుక #మంగళగిరిచీర అని కలిపే రాయాలి. మీ సరుకుతో సంబంధం లేకుండా ఆ పూట జోరుగా నడుస్తున్న పేరును తగిలించుకోవడం పెళ్లిభోజనానికి పిలవకుండా వెళ్లడమే. అయితే మీ సరుకే ముచ్చటగా మారే సందర్భాలూ ఉంటాయి. 2019 జులైలో ‘శారీ ట్విట్టర్’ అన్న పేరుతో దేశంలో ఎందరో స్త్రీలు తమ చీర ఫొటోలు పెట్టుకున్నారు. ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం వస్తుంది. 1905లో అదే రోజున కలకత్తాలో మొదలైన స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా దీన్ని 2015 నుంచి జరుపుతున్నారు. అటువంటి రోజుకు ఫొటోలు, వాక్యాలు జులైలోనే సిద్ధం చేసుకొని, కంప్యూటరులో ఎక్స్ తెరిచి ముందే సమయం పెట్టి ఉంచవచ్చు.

అభ్యాసం

వచ్చే ఏడు రోజులు రోజుకొకటి చొప్పున ఏడు పోస్టులు కాగితం మీద రాయండి. అప్పుడే ఖాతాలో వేయవద్దు. ‘నాణ్యమైన’, ‘సరసమైన’, ‘విచ్చేయండి’ అన్న మూడు మాటలు నిషిద్ధం. ఏడింటిలో కనీసం ఒకటి ఆలస్యం గురించో, అయిపోయిన సరుకు గురించో ఉండాలి. ఒకటి మీ దగ్గర పనిచేసేవారి నైపుణ్యం గురించి, వారి అనుమతితో, ఉండాలి. ఆ తర్వాత రాసే పెట్టెలో ఒక్కొక్కటీ టైపు చేసి చూడండి. కింద ఒక చిన్న వలయం నిండుతూ కనబడుతుంది. హద్దు దగ్గరపడ్డాక మిగిలిన అంకె చూపిస్తుంది. దాటినవాటిని కుదించేటప్పుడు ధరనూ లెక్కనూ ముట్టుకోకుండా విశేషణాలను తీసేయండి.

ఎనిమిదో రోజున వాటిలో ఒకదాన్ని ఎంచి ఖాతాలో వేసి, పేజీలో అన్నిటికన్నా పైన ఉండేటట్టు పిన్ చేయండి. దాని కింద ఎవరేమడిగినా బదులు రాయడానికి ముందు ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు ఒక పుస్తకంలో ఎక్కించుకోండి. ‘మీ చీర రంగు వెలిసింది’ అని నలుగురూ చూస్తుండగా ఒకరు రాసినప్పుడు అక్కడే ఏమనాలో, ఏ వివరాన్ని విడిగా సందేశంలో మాత్రమే అడగాలో నాలుగో పాఠంలో ఆ పుస్తకం ముందు పెట్టుకొని చూద్దాం.