రాస్ప్‌బెర్రీ పైలో సినిమా మధ్యలో ఆగిపోతోందా? కార్డు పీకే ముందు వైరు చూడండి

అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు రాస్ప్‌బెర్రీ పై 3 గానీ 4 గానీ కొన్నారు, మెమరీ కార్డులోకి లిబ్రెఎలెక్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించారు, టీవీలో సినిమాలు ఆడించే కోడి ప్రోగ్రామ్ తెరుచుకుంది. అక్కడిదాకా వచ్చినవాళ్ళ కోసమే ఇది. ఎలా ఎక్కించాలో మళ్ళీ చెప్పను. ఏ చిన్న తేడా వచ్చినా కార్డు పీకి మొదట్నుంచి ఎక్కించడం చాలామందికి అలవాటు. దాంతో ఒక సాయంత్రం పోతుంది, రోగం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

అసలు బొమ్మే రావడం లేదు

పై 4కి మైక్రో హెచ్‌డీఎంఐ రెండుంటాయి. కరెంటు గుచ్చే పోర్టుకు దగ్గరున్నదాన్నే వాడండి. టీవీ ముందు ఆన్ చేసి, ఇన్‌పుట్ మార్చి, ఆ తర్వాత రాస్ప్‌బెర్రీ పైకి కరెంటు ఇవ్వండి. పచ్చ లైటు ఒక్కసారి కూడా మిణకకపోతే కార్డు చదవడం లేదని అర్థం.

శబ్దం లేదు, టీవీ రిమోట్ పనిచేయడం లేదు

శబ్దానికైతే ఆడియో సెట్టింగుల్లో అవుట్‌పుట్ హెచ్‌డీఎంఐకి మార్చి, పాస్‌త్రూ (శబ్దాన్ని విప్పకుండా టీవీకి పంపేయడం) ఆపేయండి. రిమోట్‌కైతే టీవీ సెట్టింగుల్లోకి వెళ్ళి సీఈసీ (హెచ్‌డీఎంఐ వైరు గుండా రిమోట్ నొక్కుళ్ళు పంపే సదుపాయం) ఆన్ చేయాలి. ఆ పేరుతో వెతికితే దొరకదు. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్ అని ఉంటుంది.

ఒక్క సినిమానే ముక్కలుముక్కలుగా ఆడుతోంది, మిగతావి బాగున్నాయి

తప్పు ఫైలుది. కీబోర్డు పెట్టి, సినిమా ఆడుతుండగా ఇంగ్లీషు O అక్షరం నొక్కండి. డీకోడర్ (వీడియోను విప్పేది) లైనులో హార్డ్‌వేరా సాఫ్ట్‌వేరా అన్నది కనబడుతుంది. పై 3లో హెచ్‌ఈవీసీ అనే కొత్త తరహా వీడియో కుదింపుకి హార్డ్‌వేర్ డీకోడర్ లేదు. ఈమధ్య సైజు తగ్గించి పెడుతున్న 10 బిట్ ఫైళ్ళు దాని తలకు మించిన పని. పాత తరహా హెచ్.264 ఫైలు వెతుక్కోండి, లేదా పై 4కి మారండి. సెట్టింగులు ఎంత తిప్పినా లాభం లేదు.

మెనూ హాయిగా తిరుగుతుంది, సినిమా పెట్టాకే గోల

నన్ను బాగా తిప్పలు పెట్టింది ఇదే. ఒకరింట్లో పాటల దాకా బాగా నడిచి ఫైటు రాగానే హార్డ్ డిస్క్ మాయమవుతుంది. ఇంకొకరింట్లో వైఫై తెగిపోతుంది. మరొకరింట్లో పెట్టె దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. కొన్నాళ్ళకు కార్డు పాడయి, ఇక బూట్ కూడా కాదు. లక్షణాలు వేరు కాబట్టి ఒకరు రూటర్ మారుస్తారు, ఇంకొకరు డిస్క్ ఫార్మాట్ చేస్తారు. చాలాసార్లు అన్నింటికీ మూలం ఒకటే: లో వోల్టేజి.

ముందుగా కరెంటు ఎక్కణ్ణుంచి ఇస్తున్నారో చూడండి. టీవీ వెనక ఉన్న యూఎస్‌బీ పోర్టులోంచా? ఇంకేం వెతకక్కర్లేదు, తీసేయండి. మామూలు యూఎస్‌బీ 2 పోర్టు అర ఆంపియర్ వరకే హామీ. పై 3కి 2.5, పై 4కి 3 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. ఇంత తేలికైన సంగతి అడిగితేనే గానీ ఎవరూ చెప్పరు.

"నాది 65 వాట్ల చార్జర్ అండీ" అంటారు తర్వాత. ఆ 65 ఆ కంపెనీ ఫోనుకే. ఫోనూ చార్జరూ మాట్లాడుకుని వోల్టేజి పెంచుకుంటాయి. రాస్ప్‌బెర్రీ పైకి ఆ భాష రాదు. చార్జర్ మీద సన్నక్షరాల్లో 5 వోల్టుల పక్కన ఎన్ని ఆంపియర్లు రాసుందో అదే మీకు దక్కేది. చాలా వాటికి అది 2 మాత్రమే.

చార్జర్ కూడా సరిపోయిందనుకుందాం. అసలు దొంగ ఆ తర్వాత ఉంటాడు: వైరు. ఎండాకాలం ట్రాన్స్‌ఫార్మర్ పక్కింట్లో ఫ్యాను రివ్వున తిరుగుతుంటే లైను చివరింట్లో నీరసంగా ఊగినట్టే ఇదీ. చార్జర్ దగ్గర 5.1 వోల్టులుంటాయి, బోర్డు దగ్గరికొచ్చేసరికి ఉండవు.

లెక్క చూడండి. సన్న యూఎస్‌బీ కేబుల్‌లో కరెంటు తీగ 28 గేజ్ ఉంటుంది. మీటరు పొడవుకి రానుపోనూ కలిపి దాని నిరోధం సుమారు 0.43 ఓములు. మెనూలో ఖాళీగా ఉన్నప్పుడు పై 0.4 ఆంపియర్లు లాగితే పోయేది 0.17 వోల్టులే. 4.93 మిగిలింది, ఏ ఇబ్బందీ లేదు. సినిమా మొదలై, డిస్క్ తిరిగి, మొత్తం 1.2 ఆంపియర్లు లాగితే 0.5 వోల్టులు వైరులోనే పోతాయి. బోర్డుకు మిగిలేది 4.6. రాస్ప్‌బెర్రీ పై హెచ్చరించే గీత 4.63. అది దాటి కిందికి పోతే ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, డిస్క్ జారుకుంటుంది. మెనూ ఎందుకు బాగుంటుందో, సినిమాలోనే ఎందుకు చస్తుందో ఇప్పుడర్థమైంది కదా. అదే 20 గేజ్ తీగైతే నిరోధం 0.07 ఓములకు అటూ ఇటూ. సమస్యే రాదు. కేబుల్ మీద గేజ్ అచ్చేసి ఉంటే చూడండి, అంకె తగ్గేకొద్దీ తీగ లావు.

దీన్ని పట్టుకోవడంలోనూ చిక్కులున్నాయి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలాంటి చోట దొరికే చిన్న యూఎస్‌బీ మీటరు కొని, దాన్ని చార్జర్‌కు గుచ్చి, "5.1 చూపిస్తోంది, కరెంటు బ్రహ్మాండం" అంటారు. అది వైరుకు ముందున్న వోల్టేజి! మీటరును రాస్ప్‌బెర్రీ పైకున్న ఖాళీ యూఎస్‌బీ పోర్టుకు గుచ్చండి, సినిమా ఆడుతుండగా చూడండి. 4.7 దగ్గర కొట్టుకుంటుంటే దొంగ దొరికినట్టే.

మీటరు లేకపోతే బోర్డు మీద ఎర్ర లైటు చూడండి. నిలకడగా వెలగాలి. సినిమా మధ్యలో ఆరి వెలుగుతుంటే వోల్టేజి పడుతోంది. పాత వెర్షన్లలో టీవీ మూల మీద పసుపు మెరుపు గుర్తు వచ్చేది. కొత్తవాటిలో అది రాకపోవచ్చు, రాలేదని నమ్మొద్దు. ఇంకా ఘోరం, కాన్ఫిగ్ ఫైలులో అవాయిడ్ వార్నింగ్స్ (avoid_warnings) లైను పెట్టి ఆ గుర్తునే దాచేయమని సలహాలిస్తారు. ఎవరో సెట్ చేసిన కార్డు మీ చేతికొస్తే ఆ లైను ఉందేమో చూసి తీసేయండి.

ఎస్‌ఎస్‌హెచ్ (ఇంకో కంప్యూటర్ నుంచి కమాండ్లు ఇవ్వడం) వచ్చినవాళ్ళు వీసీజెన్‌సీఎండీ కమాండుతో గెట్ థ్రాటిల్డ్ (vcgencmd get_throttled) అడగండి. సున్నా వస్తే సరే. 50000 వస్తే బూట్ అయ్యాక ఎప్పుడో వోల్టేజి పడింది, 50005 వస్తే ఇప్పుడే పడుతోంది. రీస్టార్ట్ చేశాక అడిగితే ఆ చరిత్ర చెరిగిపోయి సున్నానే చూపిస్తుంది. గోల జరిగిన వెంటనే, ఏదీ ఆపకుండా అడగాలి.

పరిష్కారం: రాస్ప్‌బెర్రీ పై వాళ్ళ సొంత అడాప్టర్ కొనండి. అందులో 5 కాకుండా 5.1 వోల్టులు పెట్టిందీ, తీగను విడదీయకుండా అతికించిందీ వైరులో పోయే వోల్టేజి కోసమే. డబ్బు దండగ అనిపిస్తే అర మీటరు లావుపాటి కేబుల్ తీసుకోండి. తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే దాన్ని సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్‌కు తగిలించండి. పై 4లో నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి 1.2 ఆంపియర్లే.

ఇవన్నీ సరిచేశాకా బూట్ అవకపోతే, అప్పుడు కార్డు మళ్ళీ ఎక్కించండి. పాత లో వోల్టేజికి అది నిజంగానే చెడి ఉండొచ్చు.

మిగతావి

వేడి: పై 4 అయితే 80 డిగ్రీల దగ్గర వేగం తగ్గిస్తుంది, టీవీ వెనక ఇరికించకండి. నకిలీ కార్డులున్నాయి, కంప్యూటర్లో నిండా రాసి చదివి చూస్తే తేలిపోతుంది. పై 4లో యూఎస్‌బీ 3 డిస్క్ పెట్టగానే వైఫై మందగిస్తే 5 గిగాహెర్ట్జ్‌కి మారండి, లేదా లాన్ కేబుల్ లాగండి. బోర్డే పోయిందంటారా? అది అరుదు, వైరు మార్చి చూశాక మాట్లాడుకుందాం.